దిగంబర్ కండక్టర్ మాట

మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సుల్లో కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ దిగంబర్‌కు రెండు గొంతులుండేవి. ఖాకీ చొక్కా ఒంటి మీదున్నంతసేపూ మరాఠీ. అది పెద్ద గొంతు. "చలా, పుఢె సరకా" అని ఒక్క కేక వేస్తే, కాలు పెట్టే సందు లేని బస్సులో కూడా జనం ఎలాగో ముందుకు జరిగేవారు. ఇంటికొచ్చి ఆ చొక్కా విప్పి గోడకు తగిలించాక తెలుగు. అది చిన్న గొంతు. పగలంతా అరిచి అలిసిపోయిన గొంతు కాబట్టి కొంచెం బొంగురుగా, తీరుబడిగా ఉండేది. భార్య సుమిత్రాబాయి కాపురం చేసింది ఆ చిన్న గొంతుతోనే.

ఆయనది దెగ్లూర్ తాలూకా మర్ఖేల్. వాళ్లింట్లో తాతముత్తాతల నుంచీ జొన్న, కంది పండించుకుంటూ తెలుగే మాట్లాడేవారు. బడిలో అడుగుపెడితే మరాఠీ, తహసీల్ కచేరీకి పోతే మరాఠీ, సంతలో మరాఠీ, ఉర్దూ కలగలుపు. ఏ గడప దాటితే ఏ భాషో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సుమిత్రాబాయి మాత్రం సరిహద్దుకు అవతల, తెలుగు వైపున, మద్నూర్ దగ్గరి పల్లెలో పుట్టింది. పెళ్లై దెగ్లూర్ డిపో పక్కనున్న అద్దె గదిలో దిగినప్పుడు ఆమెకు మరాఠీ ముక్క రాదు. నల్లా దగ్గర ఆడవాళ్లు ఏదో అని నవ్వితే, తన మీదే నవ్వారేమోనని బిందె సగం నిండగానే ఎత్తుకొచ్చేసేది.

"గంత దానికి ఏడుస్తవా? మద్నూర్‌దానివి, నువ్వేం తక్కువ?" అనేవాడు దిగంబర్. రొట్టె కొడుతున్న ఆమె పక్కన పీట వాల్చుకుని కూర్చుని, రోజూ నాలుగు మాటలు నేర్పేవాడు. ఉప్పుకు ఇది, నిప్పుకు ఇది. ఆమె పలకలేకపోతే నవ్వి, "ఇడిసిపెట్టు. నాతోని మాట్లాడేటప్పుడు నీకు గిదంత ఏం పని?" అని తనే వదిలేసేవాడు. కోపం వస్తే సుమిత్రా అనేవాడు, మామూలుగా ఉంటే మద్నూర్‌దానా అనేవాడు. ఆ రెండో పిలుపు కోసం ఆమె ఆయన బస్సు దిగే వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడేది.

ఉద్యోగం అయిపోయాక ఇద్దరూ నాందేడ్ వచ్చేశారు. కొడుకు సుభాష్‌కు అక్కడ మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది, సిడ్కో కాలనీలో సొంతిల్లు ఉంది. కోడలు ప్రతీక్ష లాతూర్ పిల్ల. మంచిది. అత్తను ఆయీ అని, మామను బాబా అని పిలిచేది. ఆమెకు తెలుగు రాదు, మనవరాలు ప్రణాలికి అంతకన్నా రాదు. సుభాష్ తల్లితో రెండు మాటలు తెలుగులో మొదలుపెట్టి మూడో మాటకు తనకు తెలియకుండానే మరాఠీలోకి పోయేవాడు. సుమిత్రాబాయికి అప్పటికి మరాఠీ బాగానే వచ్చు. అయినా అందరూ పనుల మీద బయటికి పోయాక, వెనక వరండాలో వేరుశనగకాయలు ఒలుచుకుంటూ ముసలివాళ్లిద్దరూ తెలుగులో మాట్లాడుకునే ఆ మధ్యాహ్నాలే ఆమెకు రోజు. ఏం మాట్లాడుకునేవారని అడిగితే ఆమె ఇదీ అని చెప్పలేకపోతుంది. చచ్చిపోయిన ఎద్దుల పేర్లు, దెగ్లూర్‌లో పక్కింటివాళ్ల తగాదాలు, రాత్రి తిన్న పప్పులో ఉప్పు.

ఆయాసం మెల్లగా వచ్చింది. మొదట మిద్దె మెట్ల మీద, తర్వాత చదునైన దారిలో. బీడీలు, డీజిలు పొగ, దుమ్ము అన్నీ కలిసి ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి కాబట్టి, ఇదీ దాని తాలూకే అనుకున్నారు. ఒక ఉదయం ఇత్వారా బజారులో మెంతికూర కట్ట చేతిలో పట్టుకుని నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలిపోయాడు. దవాఖానలో గుండెకు ఫొటో తీసి చెప్పారు: గుండె నుంచి ఒంటికి రక్తం పోయే వాకిట్లో ఉండే కవాటం సున్నం పేరుకుని బిగిసిపోయింది. తలుపు తెరుచుకోవాల్సిన చోట సందు మాత్రమే మిగిలింది. కవాటం మార్చకపోతే ఏడాది దాటడం కష్టం.

హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడు నాందేడ్ వచ్చి చూసే గుండె డాక్టరమ్మ ఒకామె ఉంది. పేరు మీరా. దిగంబర్ దంపతులు తెలుగువాళ్లని తెలిసి ఆమె తెలుగులోనే మాట్లాడింది. ఆ ఒక్క కారణానికే సుమిత్రాబాయికి సగం ధైర్యం వచ్చింది.

"ఛాతీ కోసి చేసే ఆపరేషన్‌కు వీరి ఊపిరితిత్తులు తట్టుకోవు. సన్నని గొట్టం మీద కొత్త కవాటాన్ని మడిచి పెట్టి, రక్తనాళంలోంచి గుండె దాకా తీసుకుపోయి అక్కడ విప్పుతాం. మామూలుగా తొడ దగ్గరి నాళంలోంచి పోతాం. ముందు స్కానింగ్ చేసి దారి చూడాలి," అంది డాక్టరమ్మ.

దారి చూశారు. బాగాలేదు. రెండు తొడల్లోని నాళాలూ సున్నం పట్టి, మెలికలు తిరిగి, వాటిలోంచి గొట్టం పోయే వీలు లేకుండా ఉన్నాయి. ఎడమ భుజం ఎముక కింది నాళం చూశారు. అది సన్నగా ఉంది. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి గుండె మొన నుంచే పోవచ్చు కానీ, ఊపిరి మళ్లీ అడ్డం వచ్చింది. చివరికి మిగిలింది మెడ. మెడలో ఎడమవైపు నాళం వెడల్పుగా, శుభ్రంగా, తిన్నగా ఉంది.

సుమిత్రాబాయి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మెడకాయ కోస్తరా తల్లీ?"

"చిన్న గాటే అమ్మా. తర్వాత కుట్టేస్తాం. అందరికీ తొడ దారి ఉండదు. లేనివాళ్లకు ఇట్లాంటి దారుల్లోంచి చేస్తున్నాం, బాగానే అవుతున్నాయి. కానీ ఒక మాట దాచను. అది తలకు రక్తం తీసుకుపోయే నాళం. అసలు ఏ దారిన పోయినా, పాత కవాటం మీది సున్నం తునక ఒకటి ఊడి తలకెక్కే భయం ఉంటుంది. అందరికీ కాదు, కొద్దిమందికి. అట్లా అయితే చెయ్యి పడిపోవచ్చు, మాట పడిపోవచ్చు."

దిగంబర్ మంచం మీద దిండుకు ఆనుకుని, ఊపిరి పోగుచేసుకుంటూ అంతా విన్నాడు. తర్వాత నవ్వాడు. "నర్సి కాడ వాగు అచ్చినప్పుడు బస్సు ఆపుకొని కూసున్నమా డాక్టరమ్మా? ముఖేడ్ మీదికెల్లి తిప్పి నాందేడ్ తోలుకరాలే? గిది గూడ గంతే గద."

"గంతే," అని డాక్టరమ్మ కూడా నవ్వింది. "కానీ తొందరేం లేదు. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి."

మరునాడు వరండాలో మాట్లాడుకున్నారు. సుభాష్ చేయిద్దామనే అన్నాడు. ఒక ట్రస్టు సాయం చేస్తుందని, డబ్బు దిగులు పెట్టుకోవద్దని చెప్పి దుకాణానికి పోయాడు. ఇద్దరే మిగిలారు.

"నువ్వేమంటవ్ మద్నూర్‌దానా?"

"నన్నెందుకు అడుగుతవయ్యా? నాకు బుగులైతుంది."

"నాకు గూడ అయితుంది. గని గిట్ల కూసుండి కూసుండి ఊపిరాడక సచ్చుడు నాతోని కాదు. నిన్న నీతోని మాట్లాడుకుంట నడుమల ఎన్నిసార్లు ఆగిన్నో సూసినవా? ఒక్క ముచ్చట గూడ ఆఖరి దాక చెప్పస్తలేదు."

ఆమె ఆయన వీపు మెల్లగా నిమిరింది. తర్వాత, "చేయించుకో. మంచిగైతవు తియ్యి," అంది.

నాందేడ్ దవాఖానలోనే ఆపరేషన్. ఆ రోజు వాన. సుభాష్, ప్రతీక్ష బయట బెంచీ మీద కూర్చున్నారు. సుమిత్రాబాయి కూర్చోలేక గోడవారగా నిలబడింది. అనుకున్నదానికన్నా ముందే డాక్టరమ్మ బయటికొచ్చింది. కవాటం చక్కగా కూర్చుందని, రక్తం ధారాళంగా పారుతోందని చెప్పింది. సుభాష్ డాక్టరమ్మ కాళ్లకు దండం పెట్టబోతే ఆమె వెనక్కు జరిగింది. ప్రతీక్ష అత్తను పట్టుకుని ఏడ్చింది. ఆ కొద్దిసేపు అందరూ సంతోషంగా ఉన్నారు.

మత్తు దిగాక నర్సు కంగారుగా డాక్టర్లను పిలిచింది. కుడి చెయ్యి లేవడం లేదు. పేరు అడిగితే చెప్పడం లేదు. కళ్లు తెరిచి అందరినీ చూస్తున్నాడు, నోరు కదుపుతున్నాడు, గాలి తప్ప మాట రావడం లేదు. మళ్లీ స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ చెప్పకముందే ఆమె ముఖం చూస్తే సుమిత్రాబాయికి అర్థమైంది.

"ఏ భయం గురించి చెప్పానో అదే అయిందమ్మా. తలలో ఎడమవైపు మాటలుండే చోటికి రక్తం ఆగింది. వెంటనే మందులు మొదలుపెట్టాం. చెయ్యి చాలావరకు తిరిగి రావచ్చు. మాట మెల్లగా వస్తుంది, ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను." ఆ తర్వాత ఆమె తిరిగి లోపలికి, దిగంబర్ దగ్గరికి వెళ్లింది.

చెయ్యి నిజంగానే వచ్చింది. ముందు వేళ్లు, తర్వాత మణికట్టు. మాట ఆ తర్వాత వచ్చింది. ఒక ఉదయం సుమిత్రాబాయి గంజి గిన్నె తీసుకుని మంచం దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెను చూసి, మంచం అంచు చూపించి, స్పష్టంగా, "బసా" అన్నాడు. కూర్చోండి అని.

ఆమె చేతిలో గంజి ఒలికిపోయింది. "సుభాష్! ఓ సుభాష్! మీ బాపు మాట్లాడిండురా!" అని అరుస్తూ దవాఖాన వరండాలోకి పరుగెత్తింది. ఆ క్షణాన ఆయన ఏ భాషలో అన్నాడన్నది ఆమెకు పట్టలేదు.

రోజులు గడిచేకొద్దీ పట్టింది. పాణీ అని నీళ్లడిగాడు. కోడలిని పేరు పెట్టి పిలిచాడు. మనవరాలు వస్తే దగ్గరికి తీసుకుని బడి గురించి అడిగాడు, తడబడుతూనైనా అడిగాడు. అంతా మరాఠీ. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి బొమ్మలు చూపిస్తే ఆవును గాయ్ అన్నాడు, ఇంటిని ఘర్ అన్నాడు. "ఇదేంది? తెలుగుల ఏమంటం?" అని సుమిత్రాబాయి అదే బొమ్మ చూపించి అడిగితే నోరు తెరిచేవాడు. పెదాలు దేనికోసమో వెతికేవి. మెడ మీది కుట్ల దగ్గర నరం ఉబ్బేది. "గా... గా... గాయ్," అని ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టేవాడు. ఆమె మాటలు మాత్రం అర్థమయ్యేవి. నీళ్లు తాగమంటే తాగేవాడు, పక్కకు ఒత్తిగిలమంటే ఒత్తిగిలేవాడు. తిరిగి చెప్పడానికే ఒక్క మాట దొరికేది కాదు.

"రెండు భాషలు వచ్చినవాళ్లకు ఒక్కోసారి ఒకటి ముందు తిరిగి వస్తుందమ్మా," అంది డాక్టరమ్మ. "రెండోది ఆలస్యంగా రావచ్చు. రాకపోనూవచ్చు. ఏది వస్తుందో, ఎందుకొస్తుందో మాకూ సరిగా తెలియదు."

"చిన్నప్పటి మాట గద తల్లీ. తల్లి నేర్పిన మాట. అదెట్ల పోతది?"



ఇంటికి తీసుకొచ్చారు. గుండె సంగతి చెప్పాలంటే అద్భుతంగా ఉంది. ఆయాసం పోయింది. మెట్లెక్కి మిద్దె మీదికి పోయేవాడు, సాయంత్రాలు మనవరాలి చెయ్యి పట్టుకుని సందు చివరిదాకా నడిచేవాడు. చూసినవాళ్లంతా దిగంబర్‌రావు మళ్లీ పుట్టాడన్నారు. ప్రతీక్షకు మామతో మాట్లాడటం ఇప్పుడే సులువైంది. అందరూ ఇంత సంతోషంగా ఉంటే, నాకు నా మనిషి దొరకడం లేదని ఎలా చెప్పాలో సుమిత్రాబాయికి తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె గుడికి పోవడానికి మంచి చీర కట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆయన తల పైకెత్తి చూసి, మర్యాదగా, పెద్ద గొంతుతో అడిగాడు: "బాయి, కుఠే జాయచం?" ఎక్కడికి పోవాలమ్మా అని. ఉద్యోగం చేసినన్నాళ్లూ టికెట్లు కొడుతూ ముక్కూమొహం తెలియనివాళ్లను అడిగిన మాట అది. ఆమె ఎవరో ఆయనకు తెలుసు, కళ్లలో ఆ తెలియడం కనిపిస్తూనే ఉంది. భార్యను పిలవడానికి మాట కోసం వెతికితే చేతికి అదే దొరికింది. ఆమె గుడికి పోలేదు. లోపలికి పోయి చీర మార్చుకుంది.

ఊరికి తీసుకెళ్తే మాట కదులుతుందేమోనని ఆమెకు ఆశ పుట్టింది. సుభాష్ చేత కారు మాట్లాడించి మర్ఖేల్ తీసుకెళ్లింది. దిగంబర్ అక్క సంగవ్వ ఇంకా అక్కడే ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆమే. సంగవ్వ తమ్ముడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అచ్చినవారా తమ్ముడా! గింత బక్కగైతివేందిరా? అక్కను గుర్తు పట్టినవా? ఒక్కపారి అక్కా అనురా. నా నాయిన గద, ఒక్కపారి."

ఆయన కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. పెదాలు కదిలాయి. "తాయి," అన్నాడు. మరాఠీలో అక్క. మళ్లీ తల అడ్డంగా ఊపాడు, ఇది కాదు అన్నట్టు. ఇంకోసారి ప్రయత్నించాడు. "తాయి. తాయి." సంగవ్వ అతని తల తన గుండెకు ఆనించుకుని, "ఉండనియ్యి బిడ్డా, ఉండనియ్యి. ఏదంటే ఏంది," అంది. వాళ్లు ఊళ్లో నాలుగు రోజులున్నారు. చిన్నప్పటి స్నేహితులు వచ్చి కూర్చుని పాత ముచ్చట్లు చెప్పారు. ఆయన అన్నీ వింటూ, నవ్వాల్సిన చోట అందరికన్నా ముందు నవ్వాడు. ఒక్క మాట తిరిగి చెప్పలేకపోయాడు. నాలుగోనాడు ఎవరైనా వస్తుంటే లేచి పెరట్లోకి పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. సుమిత్రాబాయి అది చూసి, సుభాష్‌కు ఫోన్ చేసి కారు పంపమంది.

నాందేడ్ తిరిగొచ్చాక కూడా ఆమె కొన్నాళ్లు వదల్లేదు. రోజూ మధ్యాహ్నం పక్కన కూర్చుని, ఒకప్పుడు ఆయన తనకు నేర్పినట్టే నేర్పేది. ఉప్పు అను. నిప్పు అను. ఆయన కాదనకుండా ప్రయత్నించేవాడు. చెమట తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఒకనాడు ఆమె రొట్టె పిండి కలపబోతూ, "జొన్నరొట్టె చెయ్యాల్నా, అన్నం వండాల్నా?" అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. చివరికి రెండు చేతులూ జోడించి, "యేత నాహీ, బాయి. యేత నాహీ," అన్నాడు. రావడం లేదమ్మా, రావడం లేదు అని. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సుమిత్రాబాయి పిండి చేతులతోనే ఆయన జోడించిన చేతులు విడదీసింది. కొంగుతో ఆయన ముఖం తుడిచింది. తర్వాత మెల్లగా మరాఠీలో అడిగింది: "అహో, భాకరీ కరూ కా?" ఏమండీ, జొన్నరొట్టె చెయ్యనా అని.

ఆయన ముఖం తేలికపడింది. "కరా," అన్నాడు. చెయ్యండి అని.

ఆ రోజు నుంచి ఆమె ఆయనతో మరాఠీయే మాట్లాడింది. తెలుగులో ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన్ను నువ్వు అనే అంది. పోట్లాడినా, గారాలు పోయినా నువ్వే. మరాఠీలో భార్య భర్తను తుమ్హీ అనాలి, మీరు అని. మొదట్లో ఆ మాట పలికినప్పుడల్లా ఎదురుగా ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టుండేది. ఎద్దుల పేర్లు మరాఠీలో చెబితే అవి వేరే ఎవరి ఎద్దులో అనిపించేవి. అయినా మాట్లాడింది. ఆయన జవాబు చెప్పేవాడు, నవ్వేవాడు, ఒక్కోసారి తనే ముచ్చట మొదలుపెట్టేవాడు. వేరుశనగకాయలు ఒలిచేవాడు. ఆ కాలంలో ఆయన సుఖంగానే ఉన్నాడని ఆమె ఇప్పటికీ అంటుంది.

దిగంబర్ ఇంకో మూడు వానాకాలాలు చూశాడు. మూడోదానిలో నెమ్ము చేసి, పాత ఊపిరితిత్తులు తట్టుకోలేక, ఇంట్లోనే, మనవరాలు బడి నుంచి వచ్చే వేళకు పోయాడు. కవాటం చివరిదాకా బాగానే పనిచేసిందని డాక్టరమ్మ ఫోన్‌లో సుభాష్‌కు చెప్పింది. మీ అమ్మ ఎలా ఉన్నారని కూడా అడిగింది.

సందులో ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆయన నుదుట కుంకుమ పెడుతుండగా సుమిత్రాబాయి పెద్దగా ఏడ్చింది.

"ఏమయ్యో, ఎటు పోతివయ్యా! నీతోని మాట్లాడేది ఎంత ఉండెనయ్యా! ఒక్కపారి పిలువయ్యా, మద్నూర్‌దానా అని ఒక్కపారి పిలువయ్యా! నువ్వు పోతివి, నేనెవలితోని మాట్లాడాలెనయ్యా!"

సిడ్కో ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆమె నోటి నుంచి ఆ భాష వాళ్లెప్పుడూ వినలేదు. ప్రతీక్షకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె అత్త వెనక కూర్చుని, రెండు చేతులతో చుట్టేసి, ఆ ఏడుపు ఎటు ఊగితే అటు తనూ ఊగింది.

దినాలు అయ్యాక సంగవ్వ తనతో మర్ఖేల్ వచ్చెయ్యమంది. "ఆడ మాట్లాడెటోళ్లన్న ఉంటరు. ఈడ ఒక్కదానివి ఏం చేస్తవే మరదలా?" అంది. సుమిత్రాబాయి వారం రోజులు ఆలోచించి రానని చెప్పింది. ప్రణాలికి బడి నుంచి వచ్చేసరికి ఎవరో ఒకరు ఉండాలి, ప్రతీక్ష కుట్టుపనికి పోతోంది, సుభాష్‌కు దుకాణంలో పొద్దు పోతుంది.

వదిన ఫోన్ చేసినప్పుడు వరండాలో కూర్చుని కాసేపు తెలుగులో మాట్లాడుతుంది. సంగవ్వకు చెవులు సరిగా వినపడవు, అందుకని చెప్పిందే గట్టిగా రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. ఫోన్ పెట్టేశాక లేచి, ప్రణాలి కోసం పాలు వెచ్చబెడుతుంది.